ఓడ తల్లికి పిట్టకు పెట్టిన ఆదివారం

రెండో వరస దండుగ. ముందుగాలనే చెప్తున్న, మళ్ల మాట మార్చేది లేదు. ఇప్పటి పిల్లలు సీజన్ అంటున్నరు గాని, మా దినాలల్ల సీజన్ అంటే మామిడిపండ్లకే. సీరియల్‌కు వరస అనేటోళ్లం. మొదటి వరస బంగారం. రెండో వరస దండుగ. గంతే.

సీరియల్ పేరు చెప్ప. చెప్తే ఎవరో ఒకరు అటక మీద దాచిపెట్టిన క్యాసెట్ దింపి, "అక్కా, నువ్వు చెప్పింది తప్పు" అంటరు. నాకు గంత ఓపిక లేదు. తొంభైలల్ల, కేబుల్ కొత్తగ వచ్చినప్పుడు, ఆదివారం పొద్దుగాల వస్తుండె. ఎక్కడో దూరదేశంల తీసిన్రు, హిందీ మాటలు అతికిచ్చిన్రు. పెదవులు ఒక దిక్కు పోతుండె, మాటలు ఒక దిక్కు. హైదరాబాద్‌ల పుట్టినోళ్లం, హిందీ మాకేం కొత్త?

కథ ఏందంటే, ఒక ఓడ. నీళ్లల్ల పోయేది కాదు, ఆకాశంల పోయేది. నక్షత్రాల నడుమ సామాను మోస్తది. లారీ అనుకోండ్రి, టైర్లు లేవు గంతే. ఒక కుటుంబం అండ్లనే ఉంటది. తండ్రి ఓడ నడుపుతడు. తల్లి నీలం బట్టలేసుకొని ఇంజన్ బాగుచేస్తది. ఇద్దరు పిల్లలు. తల్లిని కన్నతల్లి ఒక ముసలామె, కుర్చీల కూసోని అందరికి సుద్దులు చెప్తది. ఇంక మాట్లాడే అల్మారా ఒకటి. దాని ముంగట నిలబడి ఆకలైతుంది అంటే, ఎర్రలైటు పోయి పచ్చలైటు వెలిగి, ఒక ట్యూబు బయటికొస్తది. ట్యూబు పిసికితే తెల్లటి ముద్ద. పొద్దుగాల అదే, పగటీలి అదే, రాత్రి అదే. పాపం వాళ్ల బతుకు.

మొదటి వరసల ఒక ఆదివారం, ఎవరికో చేరవేసే డబ్బా పగిలి ఓడల ఒక టమాట దొర్లింది. ఆ తల్లి ఆ టమాటను చేతుల పట్టుకొని మస్తుసేపు చూసి, కొరికి, కండ్లు మూసుకున్నది. ఆమె కండ్లల్ల నీళ్లు. మా ఇంట్ల అందరం గుడ్లప్పగించి చూస్తున్నం. మా అమ్మ వంటింట్ల నుంచి తడిచేయి తుడుచుకుంట వచ్చి, "జర ఉప్పు అద్దుకుంటే ఇంకా మంచిగుండు గదా పిచ్చిదానికి" అన్నది. గా ఎపిసోడ్ గురించి నాకు గుర్తున్నది ఆ మాటనే. ఓడ ఎక్కడికి పోయిందో, టమాట ఎవరిదో, ఇప్పుడడిగితే నాకు తెల్వదు.

మొదటి వరస అయిపోయింది. రెండో వరస రావడానికి ముందు మా అమ్మ పోయింది. పచ్చకామెర్లు. నేను అప్పుడే నారాయణగూడల ఇంటర్ చేరిన.

మా దిక్కు మనిషి పోతే పిట్టకు పెడతరు. పోయినోళ్లకు ఏవేవి ఇష్టమో అవన్ని వండి, ఇస్తారాకుల పెట్టి, దూరం జరిగి నిలబడతరు. కాకి వచ్చి ముట్టిందా, పోయినోళ్ల మనసు నిమ్మళంగున్నట్టు. ముట్టలేదా, మనసుల ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఇంటోళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, గా కోరిక ఏందో అందాజగ చెప్పి, తీరుస్తమని మాటియ్యాలె. సరైన మాట పడ్డదాంక కాకి దిగదు.

మా అమ్మకు కాకి దిగలే. బిడ్డ పెండ్లి మంచిగ చేస్తమని మేనత్త మాటిచ్చింది. దిగలే. అత్త కోపం మనసుల పెట్టుకోకు తల్లీ అని నాయినమ్మ అన్నది. దిగలే. బిడ్డను డాక్టర్ చదివిస్త అని బాపు అన్నడు. నేను కామర్స్‌ల చేరిన అని ఎవరన్న గుర్తు చేస్తరేమో అని చూసిన, ఎవ్వరు చేయలే. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆఖరికి ఆ ఇస్తారి తీసుకపోయి ఆవుకు పెట్టి, స్నానాలు చేసి, ఇంటికొచ్చినం. అమ్మ కోరిక ఏందో తెల్వకుండనే తలుపు మూసినం.

ఏడాది తిరిగినంక బాపు రెండో పెండ్లి చేసుకున్నడు. ఆమె మాకు చిన్నమ్మ. నల్లకుంట నుంచి వచ్చింది, నడిచి వచ్చేటంత దూరం, గాని నాకు వేరే గ్రహం నుంచి దిగినట్టే ఉండె. అప్పుడు నాకు అమ్మ కోరిక ఏందో తెలిసిపోయింది. ఇంకొకామెను తేవద్దు. గదే కోరిక. అందుకే కాకి దిగలే. ఇగ నాతోని వాదించనికె ఎవరికి సాధ్యం? కాకే సాక్షి.

చిన్నమ్మను నేను మీరు అనేదాన్ని. ఇంటికి వచ్చిన చుట్టం లెక్క. "మీరు తినుండ్రి, నాకు ఆకలైతలేదు." "మీకెందుకు తక్లీఫ్, నా బట్టలు నేనే ఉతుక్కుంట." తిట్టుడు కన్న అది గట్టి దెబ్బ, నాకు తెల్సు. ఆమె ఏమనలే. మా ఇంట్ల ఎవ్వరు ఏమనరు, మా ఇంటి బీమారీ అదే. గోడలకు సున్నం వేసేటప్పుడు హాల్ల ఉన్న అమ్మ ఫోటో దింపిన్రు, మళ్ల పెట్టలే. నేను ఏడుస్తనని వాళ్లు అమ్మ మాట తీయరు. వాళ్లు బాధపడ్తరని నేను తీయ. కొత్తామె ఏమనుకుంటదో అని అందరం నోరు కట్టుకున్నం.

ఇగో, ఇట్లాంటి ఇంటి మీదికి రెండో వరస వచ్చి పడ్డది.

మొదటి ఆదివారం. చిక్కడపల్లి మార్కెట్ ఎనక గల్లీల మా ఇల్లు. నాయినమ్మ కుర్చీల, బాపు పేపర్ ఎనక, నేను గచ్చు మీద, చిన్నమ్మ వంటింటి గడప మీద. మా మేడ మీది రూంల కిరాయికి ఉండే అన్న గూడ దిగివచ్చి తలుపుకు ఆనుకొని నిలబడ్డడు. అశోక్‌నగర్ల కోచింగ్‌కు పోతుండె, గ్రూప్స్ రాస్తుండె. పాట అయిపోయింది. ఓడల ఇంజన్ రూం తలుపు తెరుచుకున్నది. నీలం బట్టలల్ల ఒకామె బయటికొచ్చింది.

వేరే ఆమె.

ముక్కు వేరే, ఎత్తు వేరే, నడక వేరే. బట్టలు మాత్రం అవే. అంగీ చేతులు పొడుగై ముంజేతి కింద వేలాడుతున్నయి. తండ్రి నవ్వి పలకరిచ్చిండు. పిల్లలు "మమ్మీ" అని ఉరికిన్రు. కుర్చీల ముసలామె "బేటీ, థక్ గయీ?" అన్నది, అలిసినవా బిడ్డా అని.

నాయినమ్మ లేచి నిలబడ్డది. మోకాళ్ల నొప్పులని బాత్రూంకు లేవనికె చేయి అడిగే మనిషి, ఒక్కసారే లేచింది. "కన్నతల్లే! కన్నతల్లికి తెల్వదా తన బిడ్డ కాదని? దీని కండ్లు కాకులు పొడువ!"

"ఇందుకు మూడు కారణాలు ఉండొచ్చు నాయినమ్మా," అన్నడు మేడ మీది అన్న. ఏది అడిగినా గట్లనే చెప్తడు, పరీక్షల అలవాటు. "ఒకటి, పాత ఆమె జీతం ఎక్కువ అడిగి ఉండొచ్చు. రెండు, పాత ఆమెకు బాగలేక ఉండొచ్చు." మూడోది ఎప్పుడు గుర్తుకురాదు. ఆ అన్న మూడో కారణం చెప్పంగ నేను ఎన్నడు వినలే.

చూడుండ్రి, నేను మూర్ఖురాలిని కాను. వేషం కట్టేటోళ్లు మారుతరని నాకు తెల్సు. రెండో వరసల ఓడ తలుపు ఎడమకు ఉండేది కుడికి పోయింది, మాఫ్ చేసిన. ఏ గ్రహానికి పోయినా అదే ఎర్రరాయి కనబడ్తుండె, నాయినమ్మ ఆ రాయిని గుర్తుపట్టి "ఇది పోయిన వారం గూడ వచ్చింది" అంటుండె, అది గూడ మాఫ్. పిల్లగానికి మీసం మొలిచినా వాడింకా బొమ్మలతోనే ఆడ్తుండె, మాఫ్. నేను మాఫ్ చేయనిది ఒక్కటే. ఒక్క మాట చెప్పొద్దా? "అమ్మ పోయింది, ఇగ ఈమె వచ్చింది" అని ఒక్క మాట. ఎంతసేపు పడ్తది? అల్మారాతోని గంటలు గంటలు ముచ్చట పెట్టిన్రు గాని, గా ఒక్క మాట చెప్పనికె ఎవ్వరికి నోరు రాలే. నాకు ఒళ్లంత మండింది.

ఆ ఓడల గుర్తుపట్టింది ఒక్కరే, అల్మారా. కొత్త తల్లి మొదటిసారి ముంగట నిలబడి అన్నం అడిగితే, ఎర్రలైటు వెంటనే పచ్చ కాలే. జర ఆగింది. నేను చూసిన. బల్బు ఖరాబై ఉంటది అన్నడు బాపు. బల్బు కాదు. అల్మారాకు బాధ అయ్యింది. ఇప్పటికీ నా మాట అదే.

ఒకటి రెండు వారాలు పోయినంక, అందరం కొత్తామెను తిడుతుంటే, గడప మీదికెల్లి చిన్నమ్మ మెల్లగ అన్నది. "పాపం, ఈమెకు ఏ సామాను ఏడున్నదో ఎవ్వరు చెప్పలే గదా. అయినా నడుపుతుంది."

అందరం మెడలు తిప్పి ఆమె దిక్కు చూసినం. మొదటి వరస ఆమె చూడలే, నల్లకుంటల వాళ్లింట్ల కేబుల్ లేకుండె. చూడనోళ్లకు అభిప్రాయం ఎందుకు అన్నట్టు చూసిన నేను. ఆమె లేచి లోపటికి పోయింది. ఆ పూట పప్పు మాడింది. నేను మాడిన పప్పు పక్కకు జరిపి, "మీరు తినుండ్రి" అన్న.

ఓడకు కష్టాలు మొదలైనయి. ఒక వారం ఇంజన్ ఆగింది, ఒక వారం అగ్గంటుకున్నది, ఒక వారం దొంగలు పడి అల్మారాను ఎత్తుకపోజూసిన్రు. నాయినమ్మ కుర్చీల ముంగటికి జరిగి తీర్పు చెప్పింది.

"ఓడ మైల పడ్డది."

"అమ్మా, మొదటి వరసల గూడ ఇంజన్ ఆగింది గదా," అన్నడు బాపు.

"అది మామూలు కష్టం. ఇది చావు మైల. ఇంటి ఇల్లాలు పోయింది. ఏడ్వలే, స్నానాలు చేయలే, పిట్టకు పెట్టలే, ఆమె బట్టలే ఇంకొకామెకు తొడిగిన్రు. చావు దాస్తే ఇల్లు నిలుస్తదా?"

బాపు పేపర్ మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. చిన్నమ్మ గచ్చు మీద లేని మరకను తుడుస్తున్నది. మా అందరికి అర్థమైంది, నాయినమ్మకు తప్ప. ఆమె నిజంగ ఓడ గురించే చెప్తున్నది.

"వాళ్లకు తెల్వదు, దేశంగాని దేశపోళ్లు," అన్నది. "తెల్సినోళ్లం మనం పెడ్దాం. పుణ్యం."

అమావాస్యకు అయ్యగారు వచ్చిండు. మా ఇంటి పూజలు, పెండ్లిళ్లు, దినాలు అన్ని ఆయనే చేస్తడు. నాయినమ్మ చాయ్ ఇప్పిచ్చి సంగతి చెప్పింది. ఆయన నవ్వుతడనుకున్న. నవ్వలే. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"నేను గూడ చూస్తున్ననమ్మా. మా ఇంట్ల మనుమడు టీవీల పెడ్తడు. గోత్రం తెల్వకపోతే కాశ్యప గోత్రం అనొచ్చు, దానికి శాస్త్రంల దారి ఉన్నది. తంట ఏందంటే సంకల్పం. మనం ఎక్కడున్నమో చెప్పుకోవాలె గదా, మేరువుకు ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ రెండు నదుల నడుమ అని. ఆ ఓడ శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నది?"

"మీదికి," అన్నది నాయినమ్మ.

"మీదికి అనేది గూడ ఒక దిక్కే, కాదనను. గాని భూమి తిరుగుతున్నది గదా. పొద్దుగాల మీదున్నది రాత్రికి కిందికి పోతది. ఇంకొకటి, అసలు పోయిందని ఎట్ల తెల్సు? శవాన్ని చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా? తప్పిపోయిన మనిషైతే పన్నెండేండ్లు ఆగి చేయాలె."

"పన్నెండేండ్లదాంక ఈ కేబుల్ ఉంటదా, నేనుంటనా?"

అయ్యగారు చాయ్ గిలాస కింద పెట్టిండు. "మంత్రం నేను చదవ. చదివినంక అది దారిల ఎవరికి తగుల్తదో నేను పూచీ పడలేను. పిట్టకు మాత్రం పెట్టుకోండ్రి. కాకికింత అన్నం పెడ్తే ఎవరికి నష్టం?" చెప్పులేసుకుంట గుమ్మం కాడ ఆగి, "ఏమన్న అనుండ్రి, ఆ పాత ఆమే మంచిగుండె" అని పోయిండు.

ఆదివారం, సీరియల్ మొదలయ్యే ముందు, అందరం మేడ మీదికి ఎక్కినం. వంట చిన్నమ్మదే. ఏం వండాలె అనే కాడ ముందటి రోజంత లొల్లి. పోయినామెకు ఏమిష్టం? ట్యూబుల ముద్ద, ఆ ఒక్క టమాట తప్ప ఏం తినంగ చూడలే. నాయినమ్మ బియ్యప్పిండి ముద్ద చేయమన్నది. ముద్ద అయితే అయ్యింది, ట్యూబు ఎట్ల? చిన్నమ్మ పాలప్యాకెట్ కడిగి, మెహందీ కోన్ లెక్క చుట్టి, అండ్ల పిండి నింపి, ఇస్తారి మీద పాము లెక్క పిసికింది. చూసినోళ్లు నవ్వాలె. ఎవ్వరం నవ్వలే. చెప్పిన పని గంత శ్రద్ధగ చేస్తుంటే ఎట్ల నవ్వుతం? పక్కన టమాట కోసి పెట్టింది. అందరు మెట్లెక్కుతుంటే నేను వంటింట్లకు పోయి గుప్పెట్ల ఉప్పు తెచ్చి టమాట మీద చల్లిన. ఎందుకు చల్లిన్నో నన్నెవ్వరు అడగలే.

ఇస్తారి మేడ నడుమ పెట్టి గోడ కాడికి జరిగినం. పక్కనే కొత్త బిల్డింగ్ లేస్తున్నది. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఒక అక్క స్లాబు మీద ఇటుకలు మోస్తున్నది. మమ్మల్ని చూసి తట్ట దించింది.

"ఎవరు పోయిన్రమ్మా?"

"ఓడల ఇంజన్ చూసే ఆమె," అన్నది నాయినమ్మ.

"అయ్యో. పిల్లలున్నరా?"

"ఇద్దరు."

"అయ్యో పాపం," అని ఆ అక్క కొంగుతోని కండ్లొత్తుకున్నది. ఇగ ఆమె గూడ అక్కడనే నిలబడ్డది.

ఒక కాకి వచ్చింది. ఎదురింటి యాంటెన్నా మీద కూసున్నది. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. దిగలే.

నాయినమ్మ చేతులు జోడిచ్చింది. "తల్లీ, నీ ఇంజన్ మంచిగ చూసుకుంటరు." కాకి కదలలే. "నీ పిల్లలు మంచిగ చదువుకుంటరు." కదలలే. "మీ అమ్మకు జర బుద్ధి చెప్తం, బిడ్డను గుర్తుపట్టని ముండను." కాకి రెక్క దులుపుకున్నది గంతే.

మేడ మీది అన్న ముందుకొచ్చిండు. "అక్కా, జీతం పెంచుతరు." ఏం లేదు. "ఇందుకు మూడు కారణాలు..." అని మొదలుపెట్టిండు. నాయినమ్మ ఆయన అంగీ పట్టి ఎనకకు గుంజింది.

"నువ్వు పో," అన్నది బాపుతోని.

"నేనేం చెప్పాలె అమ్మా?"

"మొగుడు లెక్క చెప్పు."

బాపు ఇస్తారి దగ్గరికి పోయి నిలబడ్డడు. నోరు తెరిచిండు. మళ్ల మూసిండు. ఆయన ఇంతకుముందు ఒకసారి ఇట్లనే ఇస్తారి ముంగట నిలబడ్డడు, డాక్టర్ చదివిస్త అన్నడు, కాకి దిగలే. అది నాకు గుర్తుకొచ్చింది, ఆయనకు గూడ వచ్చింది, ఆయనను ఎనక నుంచి చూసినా తెలుస్తున్నది. మళ్ల ఎనకకు వచ్చి నీళ్ల ట్యాంకు దిక్కు తిరిగి నిలబడ్డడు. నవ్వులాటకు ఎక్కిన మేడ మీద ఒక్కసారి ఎవ్వరికి నవ్వు లేకుండ పోయింది.

నాయినమ్మకు పరేషాన్ అయ్యింది. కాకి దిగనిది చూడలేక ఇస్తారి దగ్గరికి పోయి వంగి చూసింది. "గీ టమాట మీద ఉప్పెవరు కుమ్మరిచ్చిన్రు? గిందుకే ముడ్తలేదు పిట్ట!"

"నేనే," అన్న.

"ఎందుకు?"

"అమ్మ అన్నది గదా," అన్న. "ఉప్పు అద్దుకుంటే మంచిగుండు అన్నది. ఆ టమాట ఆదివారం. వంటింట్లకెల్లి వచ్చి అన్నది."

చిన్నమ్మ వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్ల మా అమ్మ ముచ్చట అదే మొదటిసారి బయటికొచ్చుడు. నాయినమ్మ వంగిన మనిషి వంగినట్టే ఉన్నది. బాపు ట్యాంకు దిక్కు నుంచి తిరగలే. ఎవరన్న మాట మారుస్తరు ఇగ, చాయ్ తాగుదాం అంటరు, సీరియల్ టైం అయ్యింది అంటరు, నాకు తెల్సు మా ఇల్లు.

చిన్నమ్మ కొంగు నడుముకు చెక్కుకొని ముందుకు పోయింది. ఇస్తారి ముంగట గొంతుకూసున్నది. కాకి దిక్కు చూడలే, ఇస్తారి దిక్కే చూసుకుంట, ఎదురుంగ ఎవరో కూసున్నట్టే మాట్లాడింది.

"అక్కా. నువ్వు పోయినవు. నువ్వు పోయినంక నీ ఇంట్లకు నేనొచ్చిన. ఈ మాట నీకు ఎవ్వరు చెప్పిండ్రో లేదో, నాకు తెల్వదు. నాకైతే నీ గురించి ఎవ్వరు ఏం చెప్పలే. నీ ఫోటో సందుగపెట్టె ఎనక ఉన్నది, నేనే రోజు తుడుస్తున్న. నీ పోపుడబ్బా దొరకనికె నాకు మస్తు రోజులు పట్టింది. నీ బిడ్డకు ఏమిష్టమో తెల్వదు, అది చెప్పదు, నేను వండింది తినదు. నీ లెక్క నేను చేయలేను, చేస్తనని గూడ అంటలే. నీ జాగల కూసోనికె రాలే అక్కా. జర నువ్వన్న చెప్పు, ఏం వండాల్నో."

గంతే. సగం ఏడాది సాగిన రెండో వరసల ఏ ఒక్కరికి నోరు రాని మాట, ఓడలకెల్లి కాదు, పాలప్యాకెట్‌తోని పిండి పిసికిన చేతుల మనిషి నోట్లకెల్లి వచ్చింది. నేను కాకి దిక్కు చూడలే. నా చూపు ఆమె ఈపు మీదనే ఉన్నది. రెక్కల చప్పుడు మాత్రం విన్న.

"ముట్టింది, ముట్టింది!" అని పక్క స్లాబు మీదికెల్లి పాలమూరు అక్క చప్పట్లు కొట్టింది.

చూస్తే, కాకి పిండి ముద్ద ముట్టలే. ఉప్పు చల్లిన టమాట ముక్కనే ముక్కున పట్టుకొని నారాయణగూడ దిక్కు ఎగిరిపోతున్నది. నా సాక్షి. ఇంకొకామెను తేవద్దన్నదే అమ్మ కోరిక అని ఇన్ని దినాలు నేను నమ్ముకున్న సాక్షి. పక్కనున్న గోడ పట్టుకొని ఏడ్చిన. అమ్మ పోయినప్పుడు గూడ అంత గట్టిగ ఏడ్వలే. బాపు వచ్చి నా నెత్తి మీద చేయిపెట్టిండు. "చూసిన్రా, ఓడకు మైల పోయింది," అన్నది నాయినమ్మ, కండ్లు తుడుచుకుంట. ఆమెకు ఏమర్థమైందో, ఏం కాలేదో, ఆమెకే తెల్వాలె.

కిందికి దిగేసరికి సీరియల్ సగం అయిపోయింది. కొత్త తల్లి అల్మారా ముంగట నిలబడ్డది, పచ్చలైటు వెంటనే వెలిగింది. నాయినమ్మ కుర్చీల కూసోని, "ఈమె గూడ మంచిగనే ఉన్నదిలే, జర బక్కగున్నది," అన్నది. నేను ఒప్పుకోలే. ఇప్పటికీ ఒప్పుకోను. రెండో వరస దండుగ.

బాపు సందుగ ఎనక నుంచి ఫోటో తీసి, సుత్తె ఏడున్నదని వెతుకుతున్నడు. నేను వంటింట్లకు పోయిన. చిన్నమ్మ కంచాలు కడుగుతున్నది. మొఖం వాచి ఉన్నది, నా దిక్కు చూడలే.

"ఆ మొదటి వరస నేను చూడలే," అన్నది. "మొదటికెల్లి ఏమైంది?"

పీట జరుపుకొని కూసున్న. మొదటి ఆదివారంకెల్లి చెప్పిన. ఓడ ఎట్ల కొన్నరు, అల్మారా ఎట్ల వచ్చింది, తండ్రి మొదటిసారి దారి తప్పి ఏ గ్రహంల దిగిండు. ఆ దారి తప్పిన కాడ అమ్మ, "మీ బాపు లెక్కనే, ఒకర్ని అడగడు" అన్నది, అది గూడ చెప్పిన. చిన్నమ్మకు నవ్వొచ్చింది. చేతుల కంచం చేతులనే ఉన్నది, నల్లా నుంచి నీళ్లు కారుకుంటనే ఉన్నయి.

"ఇంకా?" అన్నది. "ఇంకా ఏమనేది మీ అమ్మ?"

"మస్తు అనేది," అన్న. "ముందు నల్లా బంద్ చేసి ఇట్లొచ్చి కూసో. నాకు ఇంత అన్నం పెట్టు, తినుకుంట చెప్త."